కుక్క బరువు, గృహస్థుని చేయి



నేడు నేను పెంపుడు కుక్కల స్థూలకాయమును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. ఈ సంగతి విన్న మా యూరి మిత్రులొకరు, "ముప్పదియైదేండ్లు బడిలో ప్రబంధములు పాఠము చెప్పిన మీకు తుదకు కుక్కయా విషయముగా దొరికినది?" అని నవ్విరి. నేనును నవ్వితిని. కాని మహాభారతమున ఆదిలోను కుక్క కలదు, అంతమునందును కుక్క కలదు అని వారికి జ్ఞాపకము చేసితిని. ఆదిపర్వమున సరమ యను దేవశుని కుమారుడు ఏ తప్పును చేయకయే జనమేజయుని తమ్ములచేత దెబ్బలు తినెను. ఆ తల్లి యజ్ఞశాలకు వచ్చి వారిని నిలదీసి శపించెను. తుదిని ధర్మరాజు, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో వాదించెను. మొదటి కథ కుక్కను కొట్టరాదని చెప్పుచున్నది. రెండవది విడువరాదని చెప్పుచున్నది. కుక్కకు అతిగా పెట్టరాదని చెప్పవలసిన యవసరము వ్యాసునికి కలుగలేదు. ఆనాటి కుక్కలకు నేయి వేసిన పప్పన్నమును, సాయంకాలము బిస్కత్తులును దొరకియుండవు గదా.

చాణక్యనీతిలో కుక్క నుండి మనుష్యుడు నేర్చుకొనవలసిన గుణములారు చెప్పబడినవి. దొరికినప్పుడు మెండుగా తినుట, దొరకనప్పుడు కొంచెముతోనే తృప్తి నొందుట, గాఢముగా నిద్రించుట, చప్పుడైనంతనే మేల్కొనుట, స్వామిభక్తి, శౌర్యము అనునవి అవి. ఈ శ్లోకమును నేను ఎన్నియో తరగతులకు చెప్పితిని. మొదటి రెండు గుణములును ఒక్క జీవియందే యేల యుండవలెనో నాకు చిరకాలము బోధపడలేదు. మా యింటికి కుక్క వచ్చిన పిమ్మటనే తెలిసినది. అడవిలోనో వీధిలోనో తిరుగు జంతువునకు నేడు దొరికినది రేపు దొరకదు. కావున దొరికిననాడు కడుపునకు మించి తిని, దొరకనినాడు ఓర్చుకొనుట దానికి ప్రకృతి యిచ్చిన తెలివి. మన యింట "దొరకని నాడు" అనునది లేదు. అందువలన ఆ ఆరింటిలో మొదటిది మాత్రము నిలిచి, రెండవది పనిలేక మూలబడినది.

మా కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నప్పుడు లాబ్రడార్ జాతి కుక్కను పెంచెను. 2022లో అతడు భార్యాబిడ్డలతో అమెరికాకు పోవుచు దానిని మా యొద్ద విడిచెను. పేరు బ్రూనో. ఆ పేరు మా యూరివారి నోట తిరుగక, పదిదినములలో బూరన్న యైనది. నెల తిరుగునప్పటికి పిల్లలు బూరె యని పిలువసాగిరి. వచ్చిననాడు దాని వయస్సు మూడేండ్లు, టీకాల పుస్తకములో వ్రాసిన బరువు 31 కిలోలు. రెండేండ్లు గడచునప్పటికి ఆ పిల్లలు పెట్టిన పేరు సార్థకమైనది.

మొదట మాకు తెలియలేదు. దినదినము కంటియెదుట నుండు దాని మార్పు కంటికి కనబడదు. మా యింటి వీధియరుగు రెండడుగుల యెత్తు. వచ్చిన క్రొత్తలో అది ఒక్క దూకున అరుగెక్కి, నా భార్య బియ్యము బాగుచేయుచుండగా ఆమె పాదములకడ పండుకొనెడిది. క్రమముగా ముందుకాళ్లు అరుగుమీద నుంచి, వెనుకకాళ్లు లేవక, మా వంక చూచుట మొదలుపెట్టెను. మేమిరువురము చెరియొక ప్రక్క పట్టి యెత్తెడివారము. దానికి మేము ముద్దని పేరు పెట్టితిమి. ఒకనాటి మధ్యాహ్నము గుమ్మము నుండి బావివఱకు పోయి వచ్చి, నాలుక వ్రేలవేసి, చాలసేపు రొప్పెను. అప్పుడు భయము కలిగినది.

మండలకేంద్రమందలి పశువైద్యుడు మా బడిలో చదివినవాడే. కుక్కను పరీక్షించి, రక్తము తీసి, థైరాయిడ్ లోపమున్నదేమో చూపించెను. లేదని తేలిన తరువాత నాతో, "మాస్టారూ, కుక్కకు జబ్బు లేదండీ. ఇంట్లో ఎన్ని చేతులు దీనికి పెడుతున్నాయో ఒక్కరోజు లెక్క వ్రాసుకొని రండి" అనెను. నేను ఎందఱికో లెక్క తప్పినందులకు గోడకుర్చీ వేయించినవాడను. నా శిష్యుడు నాకు లెక్క పెట్టెను.

వ్రాసితిని. ఇంటివారి కెవ్వరికిని చెప్పక, ఒక దినము తెల్లవాఱినది మొదలు రాత్రి పండుకొనువఱకు ఒక పుస్తకములో వ్రాసితిని. ఉదయము నాలుగు ఇడ్డెనలు. గేదెపాలు మూడువందల మిల్లీలీటర్లు. మేము కాఫీ త్రాగు రెండు వేళలను కలిపి పది బిస్కత్తులు. మధ్యాహ్నము నాలుగువందల గ్రాముల అన్నము, పప్పు, రెండు చెమ్చాల నేయి, కప్పు గడ్డపెరుగు. సాయంకాలము ప్రక్కయింటివారు పిలిచి పెట్టిన జంతికలు. రాత్రి మరల మూడువందల గ్రాముల అన్నము. వైద్యుడు వానిని కేలరీలలోనికి మార్చి కూడగా ఇంచుమించు 2,150 తేలెను. కేలరీ యనగా తిండిలోని శక్తికి కొలత, ధాన్యమునకు కుంచము వంటిది.

మరి దానికి వలసిన దెంత? ఇందులకొక లెక్క కలదు. బడిపంతులును గావున దానిని చెప్పక విడువలేను. కుక్క ఎంత బరువుండవలెనో ఆ కిలోల సంఖ్యను మూడుమార్లు వేసి గుణింపవలెను. వచ్చినదానికి వర్గమూలము తీసి, ఆ వచ్చినదానికి మరల వర్గమూలము తీయవలెను. దానిని 70తో హెచ్చవేయవలెను. మా కుక్క 32 కిలోలుండిన చాలునని వైద్యుడు నిర్ణయించెను. 32ను 32తోను, మరల 32తోను హెచ్చవేయగా 32,768. రెండుమార్లు వర్గమూలము తీయగా పదుమూడున్నరకు ఇంచుక తక్కువ. 70తో గుణింపగా 940 చిల్లర. కదలక పండుకొన్న 32 కిలోల కుక్క యొక్క ఊపిరికిని, గుండెకును, వేడికిని వలయు శక్తి యిది. బరువు తగ్గవలసిన కుక్కకు దినమునకు ఈ మాత్రమే పెట్టి మొదలిడుదురు. ఇందు మఱవరాని సంగతి యొకటి: ఉండవలసిన బరువునకు లెక్క కట్టవలెను గాని ఉన్న బరువునకు గాదు. ఉన్న బరువునకు కట్టినచో ఆ క్రొవ్వునకు కూడ మనమే అన్నము పెట్టినట్లగును.

2,150 ఎక్కడ, 940 ఎక్కడ! ఆ పుస్తకమును నా భార్యకు చూపితిని. ఆమె చదివి, మూసి, "నోరులేని జీవమండీ, దాని తిండికి లెక్కలా?" అనెను. ఈ మాట మన యిండ్లలో అందఱును అనునదే. నాకు మాత్రము, ఆ జీవమునకు ఉన్నదెల్ల నోరేయని తోచినది. పైకి అనలేదు.

మీ కుక్క బరువెక్కినదో లేదో తెలిసికొనుటకు వైద్యునియొద్దకు పోకమున్నే ఒక పరీక్ష చేయవచ్చును. మీ చేయి చాలును. పిడికిలి బిగించి, వ్రేళ్ల గణుపులమీద రెండవచేతితో రాచి చూడుడు. ఎముకలు పొడుచుకొని తగులును. కుక్క ప్రక్కటెముకలు అట్లు తగిలినచో అది చిక్కియున్నది. ఇక పిడికిలి విప్పి, చేయి బోర్లించి, చేతివెనుక రాచి చూడుడు. పలుచని చర్మము క్రింద ఎముకలు వరుసగా తెలియును. ప్రక్కటెముకలు ఇట్లు తగులుట తగిన స్థితి. చేయి వెల్లకిల త్రిప్పి, వ్రేళ్ల మొదళ్లకడ అరచేతిని తడవుడు. ఎముక ఉన్నదని నొక్కిన గాని తెలియదు. ప్రక్కటెముకలు అట్లున్నచో కుక్క బరువెక్కినది. పైనుండి చూచినప్పుడు దానికి నడుము సన్నపాటి యుండవలెను. ప్రక్కనుండి చూచినప్పుడు కడుపు వెనుకకు పోనుపోను పైకి ఎక్కియుండవలెను. మా బూరన్న పైనుండి రోలువలెను, ప్రక్కనుండి పొట్లాముచేసిన బస్తావలెను ఉండెను. మా యూరి మిల్లులో ధాన్యపు బస్తాలు తూచు కాటామీద నిలువబెట్టగా 44 కిలోలు తూగెను. అది 2024 జనవరి మాసము.

ఇంత బరువెక్కిననేమి, తిని సుఖముగా నున్నది గదా యనువారు కలరు. వారికొఱకు ఒక పరిశోధన సంగతి చెప్పెదను. అమెరికాలో ప్యూరినా యను కుక్కల ఆహారపు సంస్థవారు 1987లో 48 లాబ్రడార్ పిల్లలను, ఒకే ఈతలో పుట్టినవానిని జతలు జతలుగా తీసికొనిరి. జతలో ఒకదానికి ఎంత పెట్టిరో, రెండవదానికి అందులో పాతికవంతు తగ్గించి పెట్టిరి. అవి బ్రదికినన్నాళ్లును అట్లే పెట్టుచు వచ్చిరి. ఫలితమును 2002లో ప్రకటించిరి. ఎక్కువ తిన్న గుంపునకు నడిమి ఆయువు 11.2 ఏండ్లు, తక్కువ తిన్న గుంపునకు 13 ఏండ్లు. ఇంచుమించు రెండేండ్ల భేదము! తక్కువ తిన్నవానికి కీళ్లనొప్పులును ఆలస్యముగా వచ్చినవి. ఆహారమమ్ముకొని బ్రదుకు సంస్థయే తక్కువ పెట్టుడని చెప్పినది గనుక, ఆ మాటను నేను కొంత యెక్కువగా నమ్ముచున్నాను. మా బూరన్నకు రెండేండ్లనగా మా మనుమడు సెలవులకు రెండుమార్లు వచ్చి దానిని చూచుట. ఆ లెక్క చెప్పినప్పుడే నా భార్య మెత్తబడినది.

మన పూర్వులకును ఇది తెలియని సంగతి గాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము స్థూలులను, కృశులను గూర్చినదే. ఇరువురును బాధపడువారే యైనను, స్థూలునికి చికిత్స చేయుట మఱింత కష్టమని అందు చెప్పబడినది. స్థూలునికి పెట్టవలసిన ఆహారము జీర్ణమగుటకు బరువుగా నుండవలెను గాని దేహమును పెంచరాదట. చరకుడు మనుష్యులకు చెప్పినదే అది. కాని నేటి పశువైద్యుడు మా కుక్కకు చెప్పినదియు ఇంచుమించు అదే: కడుపు నిండవలెను, శక్తి తక్కువగా నుండవలెను.

లాబ్రడార్ జాతి విషయమున మఱియొక చిక్కు కలదు. 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఈ జాతి కుక్కలలో ఇంచుమించు నాల్గింట ఒకదానికి, ఆకలిని అణచు సంకేతమునకు సంబంధించిన ఒక జన్యువులో చిన్న తునుక లోపించియుండునని కనుగొనిరి. అట్టి కుక్కకు కడుపు నిండినదన్న వార్త మెదడునకు సరిగా చేరదు. మా దానికి ఆ లోపమున్నదో లేదో పరీక్షింపలేదు. కాని అది పళ్లెము నాకిన పిమ్మట మా వంక చూచు చూపు ఆకలికి నిదర్శనము కాదని తెలిసినది. ఇంతకుమున్ను ఆ చూపునకు మేము వేల ముద్దలు అర్పించితిమి. దానికి హైదరాబాదులోనే సంతానము కలుగకుండ శస్త్రచికిత్స జరిగియుండెను. అట్టి కుక్కలకు మునుపటికంటె తక్కువ తిండి చాలునని వైద్యుడు చెప్పెను. ఈ మాట శస్త్రచికిత్సనాడే ఇంటివారికి తెలిసియుండిన బాగుండెడిది.

ఇక చేసిన పని. వైద్యుడు బరువు తగ్గుటకై తయారుచేసిన పొడి ఆహారమును వ్రాసియిచ్చెను. నూఱు గ్రాములకు 300 కేలరీలని దాని సంచిమీద నుండెను. దినమునకు 280 గ్రాములు, రెండు పూటలుగా. కొలతగిన్నెతో గాక త్రాసుతో తూచి పెట్టుమనెను. గిన్నెతో కొలిచిన ప్రేమగలచేయి గుట్టగా కొలుచునట! మిగిలిన నూఱు కేలరీలలో మాత్రమే చిరుతిండి. మొత్తమున పదవవంతునకు మించి చిరుతిండి ఉండరాదు. ఆ పొడి ఆహారము వెలగలది. అందఱును కొనలేరు. ఇంటి వంటతోనే సాగింపవలెననువారు, అన్నమును తగ్గించి, ఉడికించిన గ్రుడ్డు, తోలు తీసిన కోడిమాంసము, చేప, శాకాహారులైనచో ఉడికించిన పప్పుగింజలు, వెన్న తీసిన మజ్జిగ వంటివానిని వైద్యుడు చెప్పిన కొలతను పెట్టవలెను. ఊరక ఉన్న తిండిని సగము చేసినచో క్రొవ్వుతోపాటు కండయు కరగును. లవణములు, విటమినులు చాలకపోవును. కావున వైద్యుని సలహా లేక ఇందులకు దిగరాదు. ఉపవాసములు అసలే వలదు. ఏకాదశి మనకు, కుక్కకు గాదు.

చిరుతిండికి బిస్కత్తు మానిపించి కీరదోసముక్క, ఉడికించిన సొరకాయ, గుమ్మడి, చిక్కుడుకాయలు పెట్టితిమి. మొదటి దినము అది కీరదోసముక్కను నోట కఱచుకొని పోయి తులసికోట వెనుక విడిచి వచ్చెను. నాలవనాడు తినెను. ఇచ్చట ఒక హెచ్చరిక. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషతుల్యములు. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష అంతకంటె ప్రమాదము. గుడి ప్రసాదమందలి చక్కెరపొంగలిలో కిస్‌మిస్ ఉండును గావున దానిని కుక్కకు పెట్టరాదు. చాక్లెట్టును, చక్కెరలేని తీపివస్తువులలో కలుపు జైలిటాలును దరికి రానీయరాదు.

నడకను మెల్లగా మొదలిడితిమి. బరువెక్కిన కుక్కను ఒక్కసారిగా పరుగెత్తించుట దాని కీళ్లకు చేటు. మొదటివారము సూర్యోదయమునకు ముందు పది నిమిషములు. రెండు వారముల కొకసారి అయిదు నిమిషములు పెంచితిమి. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. రొప్పుచేతనే అది వేడిని వెలిబుచ్చును. క్రొవ్విన కుక్క ఎండలో నడచిన ప్రాణాపాయము కలుగవచ్చును. మన ఏప్రిల్, మే నెలలలో ఎనిమిది గంటల పిమ్మట దానిని తారురోడ్డుమీద నడపుట దాని పాదములను పెనముమీద పెట్టుటయే. ఆ రెండు నెలలు చెఱువు రేవులో ఈదించితిమి. లాబ్రడారునకు నీరనిన పండుగ. నీటిలో కీళ్లమీద బరువు పడదు. పాఱుకాలువలో దింపరాదు. లోతులేని రేవు చూచుకొనవలెను.

వారమునకు దేహపు బరువులో నూటికి ఒకటి మొదలు రెండు వంతులు తగ్గుట మేలు. అంతకంటె వేగము కూడదు. నెల తిరుగునప్పటికి మిల్లు కాటామీద 42 తూగెను. ఫిబ్రవరి చివరకు 40న్నర. నేను గర్వించితిని. ఊరివారు మాత్రము గర్వింపనీయలేదు. మన పల్లెలలో బలిసిన కుక్క యింటి కలిమికి గుఱుతు. "ఏమండీ మాస్టారూ, ఈ నెల పింఛను రాలేదా? కుక్క చిక్కిపోతున్నది" అని ఒకరు. "కొడుకు దేశము దాటగానే కుక్కకు కూడు తగ్గించిరి" అని మఱియొకరు నా భార్య వినునట్లే అనిరి. ఆ మాటకు ఆమె ఆ రాత్రి భోజనము సరిగా చేయలేదు. ఆమె పెట్టిన చేయి. ఆ చేతిని నేను లెక్కతో పట్టి నిలిపితిని. లోకము నిందను ఆమెమీద వేసినది. ఇంటింటికిని పోయి, దయచేసి కుక్కకు ఏమియు పెట్టవలదని, పెట్టిన దాని ఆయువు తగ్గునని నేనే చెప్పివచ్చితిని. పాఠము చెప్పుట కంటె అది కష్టముగా నుండెను. కొందఱు విని మానిరి. ఒకరిద్దఱు విననట్లే యుండగా మా వీధిగుమ్మము మూసియుంచితిమి.

మార్చిలో తూచితిని. 40న్నర. ఏప్రిల్‌లో తూచితిని. 40న్నరయే. త్రాసు చెడినదేమోయని బస్తా నెక్కించి చూచితిని. త్రాసు చక్కగానే యున్నది. ఇంటికి వచ్చి, చెప్పరాని మాట చెప్పితిని. "నీవు దొంగచాటుగా పెట్టుచున్నావు. లేనియెడల ఇది ఇట్లుండదు" అని నా భార్యతో అంటిని. ఆమె నా వంక చూచి, మాఱు పలుకక లోనికి పోయెను. రెండు దినములు మా యింట మాటలు లేవు. కాఫీ మాత్రము వేళకు వచ్చుచుండెను.

మూడవనాడు పొలము పనికిని, గ్రంథాలయమునకును పోక, దొంగను పట్టవలెనని ఇంటనే కూర్చుంటిని. మధ్యాహ్నము భోజనమునకు కూర్చుంటిని. బూరన్న వచ్చి గడపకు అవతల తన చోట కూర్చుండెను. నేను తిని, చివరి పెరుగన్నపు ముద్దను ఎప్పటివలె ఎడమచేతి ఆకులోనికి తీసి, లేచి, గడప ప్రక్కనున్న రాతిమీద పెట్టితిని. అది నోటితో అందుకొనెను. తల యెత్తగా వంటింటి ద్వారమున నా భార్య నిలిచి చూచుచుండెను. ఆమె ఏమియు ననలేదు.

ఆ ముద్ద మా తండ్రిగారి నాటి నియమము. ఆయన వైశ్వదేవము చేసి, కాకులకును కుక్కలకును బలి పెట్టి గాని భోజనము ముగింపరు. నాకు ఆ విధి పూర్తిగా పట్టుబడలేదు గాని, చివరి ముద్ద తీసిపెట్టుట మాత్రము బాల్యమునుండి చేతికి వచ్చినది. రెండు పూటలును. చేయి చేయుచున్నదని మనస్సునకు తెలియదు. తెల్లవాఱినదాది రాత్రివఱకు ఇంటివారి చేతులన్నిటిని చూచి వ్రాసిన నా పుస్తకములో ఆ ముద్ద లేదు. అది ధర్మము గనుక తిండిగా నాకు కనబడలేదు. తూచి చూచితిని. ఒక్కొక్క ముద్ద నూఱు గ్రాములు, 130 కేలరీలు. దినమునకు 260. కుక్క 44 కిలోలున్ననాడు ఆ 260 దాగిపోయినవి. పెద్ద దేహమునకు ఎక్కువ శక్తి ఖర్చగును గనుక బరువు తగ్గినది. దేహము తగ్గినకొలది ఖర్చును తగ్గెను. నలువదికి వచ్చునప్పటికి రాకయు పోకయు సరిపోయి, ముల్లు నిలిచెను.

ఆ సాయంకాలము నా భార్యయొద్ద తప్పు ఒప్పుకొంటిని. "నీకు తెలిసియే యుండెనా?" అని యడిగితిని. "మొదటినుండి తెలుసండీ. మామగారి నాటి ముద్ద. నేనెట్లా వద్దంటాను?" అనెను. నేను ఆమె చేతిని నలుగురిలో లెక్క యడిగితిని. ఆమె నా చేతిని నాలుగు నెలలు కాపాడినది.

ముద్దను మానవలెనా యని చాల ఆలోచించితిని. ఆ బలి ఎవరికొఱకు ఏర్పడినదో జ్ఞాపకము చేసికొంటిని. పెట్టు దిక్కులేని ప్రాణులకొఱకు. మా బూరన్నకు దిక్కు ఎక్కువై చిక్కు వచ్చినది. మా వీధి చివర, ప్రక్కటెముకలు పిడికిలి గణుపులవలె కనబడు తల్లికుక్క యొకటి కలదు. ఆనాటినుండి ఆ ముద్ద దానికి. బూరన్న గడపకడ కూర్చుండి చూచును గనుక, ఉసిరికాయంత చిక్కుడుముద్ద దాని వంతునుండియే తీసి పెట్టి, పుస్తకములో వ్రాయుచున్నాను.

మే నెలలో 39. వర్షాకాలమున నడక కొంత తప్పినది. అయినను ఆగస్టునకు 36న్నర. కార్తికమునకు 34. ఆ తుది కిలోలు మొదటివానికంటె మెల్లగా కరగును. ఆ మధ్య మరల తూచి, వైద్యుడు పొడి ఆహారమును ఇంకను ఇరువది గ్రాములు తగ్గించెను. 2024 డిసెంబరులో 33 తూగెను. మిల్లువాడు, "మాస్టారూ, ఒక చిన్నబస్తా బియ్యము కరిగించిరి" అనెను. 32నకు ఇంకను ఒక కిలో కలదు. అది వచ్చిన పిమ్మటను త్రాసు దాచిపెట్టరాదని వైద్యుని యాజ్ఞ. తగ్గిన కుక్కకు పాత కొలత మరల మొదలిడినచో పాత బరువే వచ్చునట.

ఆ కార్తికమాసములో ఒక ఉదయమున నేను వీధిలో పత్రిక చదువుచుంటిని. నా భార్య అరుగుమీద చేటతో బియ్యము బాగుచేయుచుండెను. బూరన్న వాకిట నిలిచి అరుగువంక చూచెను. మేమిరువురమును లేవబోయితిమి. అంతలో అది వెనుకకాళ్లు కూడదీసికొని, దూకి, అరుగెక్కి, ఆమె పాదములకడ పండుకొనెను. ఆమె చేట ప్రక్కన పెట్టి, గిన్నెలోని కీరదోసముక్క నొకటి దాని నోట పెట్టి, నా వంకకు తిరిగి, "ఏమండీ, పుస్తకములో వ్రాసుకోండి" అనెను.